పిడికెడు తీసుకోని మనిషి

ఎవరైనా వచ్చి, "ఇందులో నాకేం లేదమ్మా, నీ మంచికే చెప్తాండా" అని మొదలుపెడితే నేను ముందు వాళ్ళ చేతులు చూస్తాను. ఖాళీగా ఉన్నాయా, ఏమైనా పట్టుకున్నాయా అని. మా చెల్లెలు దీన్ని రోగం అంటుంది. నేను చదువు అంటాను. ఎందుకంటే ఈ అలవాటు నాకు హిందూపురంలో, డిగ్రీ చదివే రోజుల్లో, ఒక ఇంగ్లీషు మాట దగ్గర మొదలైంది.

ఆ మాట డిసింట్రెస్టెడ్. బజారులో అమ్మే గైడులో దానికి ఎదురుగా 'ఆసక్తి లేని' అని ఉండేది. అందరమూ అదే బట్టీ పట్టాం. మా ఇంగ్లీషు సారు ఎండాకాలంలో కూడా చొక్కా చేతులు మణికట్టు దాకా గుండీలు పెట్టుకుని వచ్చేవాడు. ఆయన ఒకరోజు ముందు బెంచీలో ఉన్న అమ్మాయి గైడు లాక్కుని ఆ అర్థం మీద సుద్దముక్కతో అడ్డంగా గీసేశాడు.

"ఆసక్తి లేనివాడు వేరే. వాడు మీ మాదిరి క్లాసులో నిద్రపోతాడు. వీడు మేలుకునే ఉంటాడు. అంతా వింటాడు. కానీ ఆ తగాదాలో వీడికి వాటా ఉండదు. ఎవరు గెలిచినా వీడికి ఒరిగేదేమీ లేదు. న్యాయం చెప్పేవాడు అట్లా ఉండాల."

తర్వాత మాకు తెలిసిన ఉదాహరణ చెప్పాలనుకున్నాడేమో, చింతపండు మార్కెట్లో కాటా పట్టే మనిషిని చెప్పాడు. అతను అమ్మేవాడూ కాదు, కొనేవాడూ కాదు. కాబట్టే ఇద్దరూ అతని తూకం నమ్ముతారు.

నేను లేచి నిలబడ్డాను. నేను లేవగానే వెనక బెంచీల్లో నవ్వు మొదలయ్యేది. అది నాకు అప్పటికే అలవాటు.

"సార్, ఆ మనిషి ప్రతి కుప్పలో నుంచి పిడికెడు తీసి తన సంచిలో వేసుకుంటాడు. మా మామతో పోయినప్పుడు నేను చూసినా."

"అది ఆనవాయితీ అమ్మా. దొంగతనం కాదు."

"ఆనవాయితీ అయినా చింతపండే గదా సార్. తూకం తనవైపు మొగ్గాలంటే అమ్మేవాడు పెద్ద పిడికెడు తీసుకోనిస్తాడు."

ఆయన సుద్దముక్క బల్ల మీద పెట్టాడు.

"కూచో. పిడికెడు తీసుకోని మనిషి నీకు ఎప్పుడన్నా కనపడితే నాకు వచ్చి చెప్పు."

గంట కొట్టాక, అయిష్టంగానే ఇంకో సంగతి కూడా చెప్పాడు. ఆ మాట మొదట్లో పట్టించుకోకపోవడం అనే అర్థంతోనే పుట్టిందట. తర్వాత చాలా కాలం ఎటువైపూ మొగ్గనివాడికి పేరై నిలిచిందట. ఇప్పుడు మళ్ళీ మొదటి అర్థంలోకే జారిపోతోందట. మీ గైడు రాసినవాడు తప్పు రాయలేదేమో, కాస్త ముందుగా రాసినాడేమో అన్నాడు. అప్పటి నుంచి నాకు ఆ మాట మీదే అనుమానం పట్టుకుంది. పట్టించుకోనివాడినీ, పట్టించుకుని కూడా పక్కకి ఒరగనివాడినీ ఒకే గంపలో వేస్తే, వాళ్ళను విడదీసి చూసేది ఎట్లా?

ఆ ప్రశ్న మా ఇంటి గోడ అవతల ఎదురవుతుందని అప్పుడు నాకు తెలియదు.

మాది ధర్మవరం. నాయనవి రెండు మగ్గాలు. పక్కింటివాళ్ళది పట్టు నూలుకు రంగులద్దే పని. రెండిళ్ళకూ మధ్య ఒకటే గోడ. వాళ్ళ రాగి బానలో నీళ్ళు మరిగే చప్పుడు మా వంటింట్లోకి వినపడేది, మా మగ్గం చప్పుడు వాళ్ళకు వినపడకుండా ఎట్లా ఉంటుంది. పక్కింటామె నాకు అత్త వరస. సొంత అత్త కాదు, అమ్మ ఆమెను వదినా అనేది కాబట్టి నేను అత్తా అనేదాన్ని. మోచేతుల దాకా ఏదో ఒక రంగు. ఒకరోజు మెంతి రంగు, ఒకరోజు నెమలి రంగు, పండగల ముందు అంతా ఎరుపే. నడుముకు చీర కుచ్చెళ్ళ దగ్గర దోపుకున్న ఇనుప తాళాల గుత్తి. నూలు గది తాళాలు అవి. మొగుడిని కూడా నమ్మి ఇచ్చేది కాదు. ఆ ఒక్క విషయంలో ఆమె నాకు నచ్చేది.

తగువు రంగు నీళ్ళ దగ్గర వచ్చింది. వాళ్ళ అద్దకం నీళ్ళు కాలువ దాటి మా వాకిట్లోకి వచ్చేవి. ఒక శుక్రవారం అమ్మ వేసిన తెల్లటి ముగ్గు చూస్తుండగానే ఎర్రగా అయిపోయింది. అమ్మ ఒక మాట అంది. ఆమె రెండన్నది. సెలవులకు ఇంటికి వచ్చిన నేను బయటికి వచ్చి, "నీళ్ళదేముండాది లేమ్మా, లోపల మనుషుల్లో ఉండే రంగే బయటికి వస్తాండాది" అన్నాను. అంతే. వీధి వీధంతా వింది. ఆ రోజుతో వదినా పోయింది, అత్తా పోయింది. నీళ్ళు మాత్రం పోలేదు. మాట తిరిగేసి చూసుకుంటే అందులో తప్పేమీ నాకు ఇప్పటికీ కనపడదు. ముగ్గు ఎర్రగా అయింది నిజమే కదా.

ఇప్పుడు చెప్పాల్సింది చెల్లెలి సంగతి. ఆ తగువుకు చాలా ముందు, చిన్నప్పుడు, దానికి ఫిట్స్ వచ్చేవి. మొదటిసారి వచ్చింది మగ్గం గుంత పక్కన. అమ్మ కేక పెట్టింది. గోడ అవతల నుంచి పరిగెత్తుకొచ్చింది ఆమే. నడుము నుంచి తాళాల గుత్తి లాగి చెల్లెలి పిడికిట్లో పెట్టి వేళ్ళు మూసింది. ఇనుము పట్టుకుంటే ఫిట్స్ ఆగుతాయని మావైపు నమ్మకం. ఆ తర్వాత ఎప్పుడు వచ్చినా అమ్మ గోడ మీద కొట్టేది, తాళాలు వచ్చేవి. అనంతపురం డాక్టరు మందులు ఇచ్చాడు, కొన్నేళ్ళు వాడాం, పెద్దమనిషి కాకముందే ఫిట్స్ పూర్తిగా పోయాయి. ఇనుముతో పోయాయా, మందుతో పోయాయా అని అడిగితే డాక్టరు ఒకటి చెప్తాడు, అమ్మ ఒకటి చెప్తుంది. ఈ సంగతి బయట తెలిసింది ఒక్క ఆమెకే.

తొంభైల చివర్లో చెల్లెలికి సంబంధాలు చూడటం మొదలుపెట్టారు. అప్పటికి నాకు పెళ్ళయి, పెనుకొండలో కాపురం, అక్కడే ఒక జూనియర్ కాలేజీలో ఇంగ్లీషు చెప్పేదాన్ని. ఆదివారం పాసింజర్ ఎక్కి ధర్మవరం వచ్చేదాన్ని. రెండు సంబంధాలు చూపుల దాకా వచ్చాయి. పిల్ల నచ్చిందన్నారు. విచారణకు పోయారు. తిరిగి రాలేదు.

విచారణ అంటే తెలియనివాళ్ళకు చెప్పాలి. పిల్లనో పిల్లవాడినో చూసి నచ్చాక, అసలు పరీక్ష అప్పుడు మొదలవుతుంది. ఎదుటివాళ్ళ వీధిలోకి ఎవరో ముఖం తెలియని చుట్టాలు చడీచప్పుడు లేకుండా వస్తారు. ఇల్లు అద్దెకు కావాలనో, చీరలు కొనాలనో ఏదో ఒక వంక. మెల్లగా ఆ ఇంటివాళ్ళ గురించి కదిలిస్తారు. స్నేహితులు చెప్పేదానికి విలువ లేదు, వాళ్ళు పొగుడుతారు. చుట్టాలు అంతే. కొంచెం తెలివైనవాళ్ళయితే ముందు తెలుసుకునేది ఒకటే: వీళ్ళకు ఎవరితో పడదు? అక్కడికి పోయి కూర్చుంటారు. నా పెళ్ళప్పుడు నా నోటి గురించి చెప్పినవాళ్ళెవరో కానీ, వాళ్ళు చాలా తక్కువ చెప్పారని మా ఆయన ఇప్పటికీ అంటాడు.

రెండు సంబంధాలు తిరిగి రాకపోయేసరికి మా ఇంట్లో అందరి కళ్ళూ ఆ గోడ వైపు తిరిగాయి. ఎవరూ చూడలేదు, ఎవరూ వినలేదు. అయినా నాకు రూఢిగా తెలుసు అనిపించింది. ఇంకెవరికి తెలుసు ఆ సంగతి?

మూడో సంబంధం హిందూపురం నుంచి వచ్చింది. పిల్లవాడు గోరంట్ల దగ్గర ఒక హైస్కూల్లో టీచరు. చూపులకు వచ్చిన రోజు చెల్లెలు గ్రాఫు కాగితం మీద గీసిన చీర అంచు డిజైన్లు చూసి, కాఫీ చల్లారిపోయేదాకా ప్రశ్నలు అడుగుతూనే ఉన్నాడు. ఈ గడి ఎందుకు నింపినావు, ఇది నెమలా, అన్నపక్షా? వాళ్ళు వెళ్ళిపోయాక చెల్లెలు వంటింట్లో నా దగ్గరికి వచ్చింది.

"అక్కా, ఇది పోతే ఇంగ నాకు చూడద్దండి."

"ఏంటికి?"

"ఇంతవరకూ వచ్చినోళ్ళంతా నన్ను చూసినారు. ఈయన నేను చేసింది చూసినాడు."

చెల్లెలు ఎప్పుడూ ఏదీ అడిగిన పిల్ల కాదు. అందుకే నాకు భయం వేసింది.

ఆ సాయంత్రం ఇంట్లో పెద్ద గొడవ. నేను నాయనతో చెప్పాను. "ఫిట్స్ సంగతి మనమే ముందు చెప్పేద్దాం. వాళ్ళకు ఆ పక్క నుంచి తెలిసే బదులు మన నోటితో తెలియనీ."

"ఎప్పుడో పోయింది ఇప్పుడేంటికి తవ్వుతావు? నువ్వు చెప్తే మాత్రం, పోయిందని ఎవరు నమ్ముతారు? కన్నోళ్ళం, పోయిందనే చెప్తాం గదా."

నాయన మాట తప్పు కాదు. అదే నన్ను ఇంకా మండించింది. నిజమే చెప్పినా మా నోటి నుంచి వస్తే అది అమ్మేవాడి మాటే.

అమ్మ ఇంకో దారి చూసింది. మరుసటి ఆదివారం నేను వచ్చేసరికి ఇల్లంతా నెయ్యి వాసన. పెనం మీద ఓళిగలు, అదే బొబ్బట్లు, కాలుస్తోంది. నాకు అర్థమైపోయింది.

"అమ్మా, పక్కింటికి పంపిస్తావా ఏంది?"

"పండగ గదా."

"ఏం పండగ ఈ పొద్దు?"

అమ్మ ఓళిగ తిరగేసింది.

"ఇన్నేండ్లు లేంది ఇప్పుడు పంపిస్తే ఏమనుకుంటాది? విచారణకు వస్తారు, మాకు భయం పట్టుకుండాదని మనమే చాటింపు వేసినట్టు. ఆయమ్మ ఇంతవరకూ ఏం చెప్పకపోయినా, ఇప్పుడు చెప్పాలని తడుతుంది."

"నీకు ఏం చేసినా అనుమానమే. ఒక మనిషికి తీపి పెడితే చేదు మాట వస్తాదా?"

"అదే చెప్తాండా. తీపి తిన్నాక వచ్చే మాట ఎవరికి కావాల?"

అమ్మ నా మాట వినలేదు. స్టీలు పళ్ళెంలో అరిటాకు ముక్క వేసి, ఓళిగలు ఒకదాని మీద ఒకటి పేర్చి, నెయ్యి వేసి, పైన ఇంకో పళ్ళెం మూత పెట్టి, తానే తీసుకుపోయింది. ఇన్నేళ్ళ తర్వాత ఆ గడప ఎక్కింది. ఎక్కినంత త్వరగా దిగింది. "తీసుకున్యాది. ఏం మాట్లాడలేదు" అంది.

మావైపు ఎవరింటి గిన్నె అయినా ఖాళీగా తిరిగి పంపరు. ఏమీ లేకపోతే చారెడు బియ్యమో, ఇంత చక్కెరో వేసి పంపుతారు. ఆ గిన్నెలో ఏమి వస్తుందో చూస్తే వాళ్ళ మనసు తెలుస్తుంది. అమ్మ సాయంత్రం దాకా వాకిలి వైపే చూస్తూ కూర్చుంది. పళ్ళెం వచ్చింది. పక్కింటామె మొగుడు తెచ్చి అరుగు మీద పెట్టి, ఎవరి ముఖమూ చూడకుండా వెళ్ళిపోయాడు. అమ్మ ఆశగా మూత తీసింది.

ఓళిగలు. మావే. అరిటాకు కూడా అదే.

అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. ఖాళీ పళ్ళెం పంపినా ఇంత అవమానం అయ్యేది కాదు. పెట్టింది పెట్టినట్లు వెనక్కి. కాసేపటికి కళ్ళు తుడుచుకుని పళ్ళెంలోకి పరీక్షగా చూసి, "ఒకటి తక్కువైనట్లుండాది గదా" అంది.

"నాయన తినింటాడు పంపకముందే" అన్నాను.

"నేను ముట్టలే" అన్నాడు నాయన మగ్గం దగ్గర నుంచి.

"అయితే నువ్వే తప్పు పేర్చినావు. ఆయమ్మ మన చేతిది తింటాదా?"

ఆ రాత్రి వాటిని ఎవరమూ తినలేదు. పొద్దున ఆవుకు పెట్టేశాం.

నాకు మాత్రం లెక్క తేలిపోయింది. తీపి వెనక్కి పంపిందంటే మాట తన దగ్గరే పెట్టుకుందన్నమాట. దాన్ని ఎవరికి అమ్మాలో ఆమెకు తెలుసు.

వాళ్ళు కొద్ది రోజులకే వచ్చారు. నేను కాలేజీకి సెలవు పెట్టి ధర్మవరంలోనే ఉన్నాను, ఇట్లాంటిది జరుగుతుందని. నడివయసు ఆడమనిషి, వెంట ఒక మగమనిషి. పెళ్ళి చీరలు చూడటానికి వచ్చామని వీధి మొదట్లో అడిగారట. పెళ్ళి చీరల కోసం వచ్చినవాళ్ళు నేసే ఇళ్ళన్నీ దాటుకుని రంగులద్దే ఇంటికి ఎందుకు పోతారు? నేను మగ్గం గది కిటికీ రెక్క సందులో నుంచి చూస్తూ నిలబడ్డాను. వాళ్ళు పక్కింటి అరుగు మీద కూర్చున్నారు. బాన మరుగుతోంది, మాట ఒక్కటీ వినపడటం లేదు. పెదాలు మాత్రం కదులుతున్నాయి. ఆమె చేతులు ఆ పూట పచ్చగా ఉన్నాయి. వచ్చినామె ముందుకు వంగి ఏదో అడిగింది. పక్కింటామె మా ఇంటి వైపు ఒకసారి చూసింది. తర్వాత నడుము దగ్గర చెయ్యి పెట్టి తాళాల గుత్తి బయటికి లాగింది. దాన్ని ఎత్తి చూపించింది. పిడికిలి మూసి చూపించింది.

నా వెనకే నిలబడిన చెల్లెలు కూడా అది చూసింది. పోయి గ్రాఫు కాగితాలన్నీ చుట్టి, దారం కట్టి, పెట్టె మీద పెట్టింది.

నేను గడప దాటబోతే నాయన అడ్డం నిలబడ్డాడు. "యాడికి?"

"నాలుగు మాటలు అడిగొస్తా."

"నీ నాలుగు మాటలతోనే ఇదంతా వచ్చింది. కూచో."

నేను కూర్చున్నాను, కానీ నోరు కూర్చోలేదు. ఆమెకూ, ఆమె బానకూ, ఆమె తాళాలకూ, ఆ తాళాల వెనక ఉన్న నూలుకూ కలిపి గోడకు వినపడేలా అన్నీ అన్నాను. గోడ అవతల నుంచి నీళ్ళు మరిగే చప్పుడు తప్ప ఏమీ రాలేదు. తిట్టినా పట్టించుకోని మనిషిని ఏం చేస్తాం?

ఆ ఆదివారం హిందూపురం వాళ్ళు వచ్చారు. ఈసారి వంక లేదు, దాపరికం లేదు. పిల్లవాడి తల్లి, వెంట ఆ అరుగు మీద కూర్చున్న ఆడమనిషి. ఆమె పిల్లవాడి మేనత్తట. అమ్మ చాప పరిచింది. తల్లి కూర్చోకముందే అడిగింది.

"ఏమమ్మా, పాపకు చిన్నప్పుడు ఫిట్స్ వచ్చేవంట గదా. ఏంటికి చెప్పలేదు?"

చెల్లెలే లోపల నుంచి వచ్చింది.

"వచ్చేవి. పోయినాయి. చెప్తే నమ్మరని చెప్పలేదు. అక్క చెప్దామనింది."

పిల్లవాడి తల్లి మేనత్త వైపు చూసింది. మేనత్త మా అమ్మతో అంది. "మీకూ ఆ పక్కింటామెకూ పడదంట గదా?"

"పడదు" అంది అమ్మ నేల చూస్తూ.

"ఆమే చెప్పింది. వీళ్ళంటే నాకు సరిపడదు, వాళ్ళ పెద్దదానికి నోరు జాస్తి, దాన్ని చేసుకున్నోడు ఎట్లా ఏగుతాండాడో అనింది." మేనత్త నా వైపు తిరిగి కొంచెం నవ్వింది. "చిన్నదాని సంగతి అడిగితే, ఫిట్స్ వచ్చేటప్పుడు ఈ తాళాలే చేతిలో పెట్టేదాన్ని అని చూపించింది. నా పానం జల్లుమనింది. లేచి వచ్చేద్దామనుకుంటి. కూచో, మొత్తం విను అనింది. పెద్దమనిషి కాకముందే నిలిచిపోయినాయి, ఆనుకుని ఒకటే గోడ, ఆ ఇంట్లో గిన్నె పడినా నాకు వినపడతాది, మళ్ళ ఒక్కసారి వచ్చింటే నాకు తెలియకుండా పోదు అనింది."

"డాక్టరు చీటీ కూడా ఉండాది" అన్నాడు నాయన.

"చీటీ ఎవరికి కావాలన్నా? చీటీ మీరు తెచ్చుకున్నేది. ఆయమ్మకు మీరంటే మంట. మంట ఉండే మనిషే ఫిట్స్ పోయినాయని చెప్తే పోయినట్టే గదా. ఇంగొకటి కూడా చెప్పింది. నిన్న మొన్న వీళ్ళు నాకు ఓళిగలు పంపినారు, ముట్టకుండా ఎనక్కి పంపిస్తి, తిని చెప్తే నా మాట నువ్వు నమ్మవు అని."

అమ్మ ఏడ్చింది. ఈసారి వేరే ఏడుపు. పిల్లవాడి తల్లి చాప మీద కూర్చుని కాఫీ అడిగింది. చెల్లెలి పెళ్ళి ఆ కాఫీతో ఖాయమైంది.

అందరూ ఆ పక్కింటామెను దేవతను చేశారు. నేను చేయలేదు. నాకు రాత్రుళ్ళు నిద్ర పట్టకుండా ఒకటే ఆలోచన. ఆమె ఆ తాళాలు ఎత్తింది సంబంధం చెడగొట్టడానికి కాదని నాకెట్లా తెలుసు? మొదట ఫిట్స్ సంగతి చెప్పింది, మేనత్త లేచిపోబోతే అప్పుడు మిగతాది చెప్పింది. ఎవరైనా గుచ్చి అడుగుతారని భయపడి చెప్పిందా? లేక చెల్లెలు వెళ్ళిపోతే ఆమెకేమైనా లాభమా? పోనీ ఏమీ లేదా? అడిగారు, నోటికి వచ్చింది చెప్పింది, వాళ్ళు బతికితే ఎంత, చెడితే ఎంత అనుకుందా? అట్లయితే ఆమె మా సారు చెప్పిన మనిషా, గైడులోని మనిషా?

అమ్మ పెళ్ళిపత్రిక పట్టుకుని పోయింది. ఆమె వాకిట్లోనే నిలబెట్టి, "నన్ను పిలవద్దు. నాకు పనుండాది" అందట. పెళ్ళికి రాలేదు. పెళ్ళి అయిన వారమే మా వాకిట్లోకి ఎర్ర నీళ్ళు వచ్చాయి. అమ్మ ముగ్గు కొంచెం పక్కకి జరిపి వేసుకుంది. నేను ఒప్పుకోలేదు, పెద్దగా ఒక మాట అని పెనుకొండ రైలు ఎక్కాను.

కొత్త శతాబ్దం వచ్చాక మా కాలేజీ లైబ్రరీకి లావుపాటి ఇంగ్లీషు నిఘంటువు తెప్పించారు. నేను మొదట తీసి చూసింది ఆ మాటే. రెండు అర్థాలూ పక్కపక్కనే కూర్చుని ఉన్నాయి. కింద సన్న అక్షరాల్లో, ఆసక్తి లేని అనే అర్థంలో వాడితే కొందరు ఒప్పుకోరు అని ఉంది. ఆ కొందరిలో నేనూ ఉన్నాను. పిల్లల కాగితాల్లో ఎవరైనా దాన్ని ఆసక్తి లేకపోవడానికి రాస్తే ఎర్ర సిరాతో సున్నా చుట్టేదాన్ని. ఒక పిల్ల నిలబడి, "మేడం, ఇంగ్లీషు పేపర్లో కూడా అట్లే రాస్తాండారు" అంది. నాలాగే నిలబడింది, అదే గొంతు. కూర్చోమన్నాను. ఆ సున్నా మాత్రం కొట్టేయలేదు.

సారు దగ్గరికి వెళ్ళి చెప్దామని చాలాసార్లు అనుకున్నాను. హిందూపురం ఎంత దూరం, పెనుకొండలో రైలెక్కితే వచ్చేస్తుంది. చెల్లెలి ఇంటికి పోయినప్పుడల్లా ఆయన ఉండే వీధి మీదుగానే పోయేదాన్ని. వెళ్ళలేదు. రుజువు లేకుండా ఆయన ముందు నిలబడటం నాకు ఇష్టం లేకపోయింది.

చివరికి ఆమెనే అడిగాను. చెల్లెలికి ఇద్దరు పిల్లలు పుట్టాక, ఒక వేసవిలో ధర్మవరం వెళ్ళినప్పుడు. ఆమె అరుగు మీద కూర్చుని అద్దిన నూలు లచ్చలు విదిలించి కర్రకు తగిలిస్తోంది. జుట్టు తెల్లబడింది, చేతులు మాత్రం అవే, ఆ పూట కెంపు రంగు. నేను పోయి ఎదురుగా నిలబడ్డాను. అత్తా అనాలో వద్దో తెలియక ఏమీ అనలేదు.

"ఏమ్మే, పెద్దదానా. నిలబడుకున్యావు ఏంటికి? నీడకు రా."

"ఒకటి అడగాల. మా చెల్లెలి విచారణకు వచ్చినప్పుడు నువ్వు అట్లా ఏంటికి చెప్పితివి?"

"ఎట్లా చెప్పితి?"

"ఫిట్స్ ఉన్యాయని, పోయినాయని. తాళాలు చూపించి."

లచ్చ విదిలించింది. నా చీర మీద ఎర్ర చుక్కలు పడ్డాయి. కావాలనే అని నా నమ్మకం.

"అట్లా చెప్పితినా? నాకు గుర్తే లేదు. ఎవరెవరో వస్తారు, అడుగుతారు. ఎంతమందికి చెప్పినానో. అవన్నీ పెట్టుకుంటే నాకు అద్దకం ఎట్లా సాగుతాది?"

"మాకు మేలు చేయాలని చెప్పితివా, చెడగొట్టాలని చెప్పితివా? ఆ మాట చెప్పు చాలు."

"మీరు నాకేమవుతారే, మేలు చేసేకి? చెడగొట్టేకి మాత్రం తీరిక యాడుండాది?"

అందరూ అనే మాటే. ఇందులో నాకేం లేదమ్మా. నేను ఆమె చేతుల వైపు చూశాను. నూలు తప్ప ఏమీ లేదు. ఓడిపోయినట్లు అనిపించింది. వెళ్ళబోతూ చివరి రాయి విసిరాను.

"అయితే మా అమ్మ పంపిన ఓళిగలు ఎనక్కి పంపించింది కూడా గుర్తు లేదా?"

"అది గుర్తుండాది" అంది వెంటనే. "మీ అమ్మకు ఓళిగ చేసేది యానాడూ రాలేదు. పూర్ణంలో బెల్లం తక్కువ."

నేను ఒక అడుగు వేసి ఆగిపోయాను.

నెయ్యి వాసన మూత మీద నుంచే వస్తుంది. యాలకులు వాసనకు తెలుస్తాయి. బెల్లం తక్కువైంది మాత్రం నోట్లో వేసుకోకుండా ఎవరికీ తెలియదు. అమ్మ సరిగ్గానే పేర్చింది. నాయన ముట్టలేదు. ఆ పైది ఒకటి ఈ ఎర్ర చేతుల్లోనే పోయింది.

"తిన్యావన్నమాట" అన్నాను.

ఆమె నా వైపు చూడలేదు. తర్వాతి లచ్చ అందుకుంది. కానీ మెడ మీద నుంచి చెవుల దాకా రంగు ఎక్కింది, అది బానలోది కాదు.

"ఒకటే" అంది. "ఎట్లుండాదో చూస్తామని."

మా ఓళిగ తిని, ముట్టలేదని మేనత్తకు అబద్ధం చెప్పి, అదే నోటితో ఆమెకే మా గురించి ఉన్నది ఉన్నట్టు చెప్పిందన్నమాట. నా నోటి సంగతితో సహా.

హిందూపురం పోయే పాసింజర్ సాయంత్రం ఉంది. సారు రిటైరై ఇంట్లోనే ఉంటాడని చెల్లెలు చెప్పింది. పిడికెడు తీసుకోని మనిషి ఇంకా దొరకలేదు సార్ అని చెప్పాలి. తీసుకుని కూడా కాటాను కదపని మనిషి ఒకామె ఉందని చెప్తే ఆయన నమ్మడు, ఇంకేదో ఉంటుందంటాడు. నాకూ అదే అనుమానం. చీర మీది ఎర్ర చుక్కలు తడి ఆరకముందే ఉతుక్కోవాలని అమ్మ లోపల నుంచి కేకేస్తోంది. నేను అట్లాగే నీడలోకి వెళ్ళి ఆమె పక్కన అరుగు మీద కూర్చున్నాను.

"అయితే అత్తా, ముందు వచ్చిన రెండు సంబంధాలోళ్ళకి ఏం చెప్పితివి?"